మాల్వర్న్ షోకి మా సొరకాయ: విత్తనం నుంచి కొలబద్ద దాకా

ఇంగ్లండ్‌లో మాల్వర్న్ అనే ఊళ్లో ఏటా సెప్టెంబర్ ఆఖర్న జరిగే ఆటమ్ షోలో పెద్ద కూరగాయల జాతీయ పోటీ ఉంటుంది. 2025లో ఆ పోటీలో పొడుగు సొరకాయల విభాగానికి మేమూ ఒక సొరకాయ పట్టుకెళ్లాం. నాలుగో స్థానం వచ్చింది. మాకేమీ ఇవ్వలేదు, ఇచ్చేది మూడో స్థానం దాకానే. అయినా వాట్సాప్‌లో ఫొటో పెట్టిన రోజు నుంచి "ఎలా పెంచారు, ఎంతైంది, మేమూ పెట్టొచ్చా" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పలేక అంతా ఒకచోట రాస్తున్నాను. సొరకాయ కోతలు కోస్తున్నానని ఎవరూ అనకుండా తేదీలు, ఖర్చులు కూడా వేస్తున్నాను.

మేముండేది రెడింగ్‌కి ఉత్తరాన, థేమ్స్ నది దాటాక కావర్‌షమ్‌లో. ఇంటి వెనక పెరడు పేరుకే. కౌన్సిల్ వాళ్లు అద్దెకిచ్చే అలాట్‌మెంట్ (కూరగాయలు పెంచుకునే చిన్న ప్లాటు) కోసం పేరు రాయించుకుంటే రెండేళ్లు దాటాక కబురొచ్చింది. అందులో గోంగూర, తోటకూర, మెంతికూర, కాసిని పచ్చిమిరప మొక్కలు వేసుకుంటూ బతికేస్తున్నాం. పోటీ, బహుమతి లాంటి ఆలోచనలేవీ నాకు లేవు. అవన్నీ పక్క ప్లాటు పెద్దాయనవి. రిటైరయ్యాక ఆయన పూర్తిగా ఉల్లిపాయలకే అంకితమైపోయారు. గెర్న్సీ దీవికి చెందిన గారెత్ గ్రిఫిన్ 2023లో హారోగేట్ షోలో పెట్టిన ఉల్లిపాయ 8.97 కిలోలు తూగి ప్రపంచ రికార్డు కొట్టిందని ఆయన చెప్పినప్పుడు, నేను విన్నది తప్పేమో అనుకుని మళ్లీ అడిగాను. ఒక్క పాయే. మా ఇంట్లో నెలకు సరిపోయే సరుకు.

చలికాలంలో ఆయన నాకొక చిన్న కవరు ఇచ్చారు. అందులో మూడు సొర విత్తనాలు. కవరు మీద తల్లి కాయ పొడవు, పెంచిన సంవత్సరం రాసి ఉన్నాయి. పోటీలకు పెంచేవాళ్లు ఒకరికొకరు విత్తనాలు ఇలాగే పోస్టులో పంపుకుంటారట. "మీ ఇండియన్లు ఈ కాయ తింటారు కదా, మీకు చెయ్యి తిరిగి ఉంటుంది" అన్నారు. తినడానికి పెంచడం వేరు, దీనికి పెంచడం వేరు అని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

ఏప్రిల్ 8న అమ్మ తెనాలి నుంచి వచ్చింది, ఆరు నెలల విజిటర్ వీసా మీద. తన పెరటి సొర విత్తనాలు కొంగున ముడేసుకుని తెస్తానంది. వద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇండియా నుంచి విత్తనాలు తెస్తే మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. ఆ కోపం అమ్మకు చాలా రోజులు పోలేదు. "ఎవరి విత్తనాలో తెచ్చి వేస్తావు, మన ఇంటివి పనికిరావు" అని రోజుకోసారి అనేది.

ఏప్రిల్ 12న మూడు విత్తనాలూ నాటాం. పెంకు మందం కాబట్టి అంచు కొంచెం గీకి, రాత్రంతా నానబెట్టి, కింద వేడి తగిలే చిన్న ట్రేలో పెట్టాం. ఆ ట్రే 42 పౌండ్లు. ఇక్కడి ఏప్రిల్ చలికి సొర విత్తనం మొలవాలంటే అది తప్పదు. రెండు మొలిచాయి, మూడోది కుళ్లింది. మే మధ్యలో, రాత్రి చలి తగ్గాక, పాలీటనెల్‌లోకి, అంటే గొట్టాల మీద ప్లాస్టిక్ కప్పిన గుడారంలోకి, మార్చాం. దాన్ని ఒకాయన ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే 180 పౌండ్లకు కొన్నాం. విప్పి, తెచ్చి, మళ్లీ నిలబెట్టడానికి మా ఆయనకు రెండు వారాంతాలు పట్టాయి. ఆ రెండు వారాంతాలూ మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

పందిరి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన ఊళ్లో తీగ పందిరెక్కితే చాలు, కాయ ఎలా వేలాడినా పర్వాలేదు. ఇక్కడ కాయ నిటారుగా వేలాడాలి. కర్రకో, కమ్మీకో ఆనుకుంటే ఆ చోట వంగుతుంది. కొలిచేది ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా కాబట్టి, వంకర ఉన్నంత మేరా పొడవు పోయినట్టే. పాలీటనెల్ నడుమ ఎత్తు 2.2 మీటర్లు. నడిమి గొట్టం పొడవునా తీగ పాకించి, కిందంతా ఖాళీగా వదిలాం. చెక్కలకు, తాళ్లకు, మేకులకు ఇంకో 38 పౌండ్లు అయ్యాయి.

జూన్ ఆఖర్లో మొదటి ఆడ పువ్వు వచ్చింది. సొర పువ్వు విచ్చేది పొద్దుగూకాక. ఇక్కడ ఆ రోజుల్లో పొద్దుగూకేది రాత్రి తొమ్మిది దాటాకే. పాలీటనెల్‌లోకి పురుగులు పెద్దగా రావు కాబట్టి మగ పువ్వు తెంపి, రేకులు వలిచి, ఆడ పువ్వు మీద మనమే పుప్పొడి రాయాలి. రాత్రి తొమ్మిదిన్నరకు హెడ్ టార్చి పెట్టుకుని నేను, వెనకాల స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని అమ్మ. పెద్దాయన చూసి, దొంగలొచ్చారనుకున్నానని మర్నాడు నవ్వారు.

ఆ మొదటి పిందె నిలబడలేదు. 2025 ఎండాకాలం బ్రిటన్‌లో రికార్డులు మొదలయ్యాక అత్యంత వేడిగా ఉన్నది. జూన్ ఆఖరి రోజుల్లో, జులై ఒకటిన వడగాడ్పులు. తలుపులు రెండూ తీసిపెట్టినా పాలీటనెల్ లోపల థర్మామీటరు నలభై దాటింది. పిందె పసుపురంగుకు తిరిగి రాలిపోయింది. తర్వాతి పిందెకూ అదే గతి. ఆకుల అడుగున ఎర్రనల్లి పురుగు మొదలైంది. మందు కొట్టడం నాకిష్టం లేదు. పొద్దునా సాయంత్రం ఆకుల కింద నీళ్లు చల్లడం ఒక్కటే చేశాం.

జులై 19 శనివారం రాత్రి రాసిన పువ్వు నిలిచింది. నాలుగో రోజుకి, అంటే జులై 22న, మా వైపు నీళ్లిచ్చే థేమ్స్ వాటర్ కంపెనీ వాళ్ల పైపుల నిషేధం అమల్లోకి వచ్చింది. పైపు పెట్టి మొక్కలకు నీళ్లు పట్టకూడదు, క్యానుతో మోసి పోసుకోవచ్చు. సొర పాదు ఎన్ని నీళ్లు తాగుతుందో పెంచినవాళ్లకు తెలుసు. తొట్టిలో క్యాన్లు ముంచి, పొద్దున ఆఫీసుకు ముందు నేను, సాయంత్రం మా ఆయన. మొదలు చుట్టూ గడ్డి మందంగా పరిచాక కాస్త నయం. రెండో మొక్కను ఆ వారమే పీకేశాం. రెంటికీ నీళ్లు మోసే ఓపిక మాకు లేదు.

ఇక్కడి నుంచి నాలుగు వారాలు నా జీవితంలో ఒక వింత కాలం. మొదటి రోజుల్లో కాయ రోజుకు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగింది. రెండో వారంలో ఒక రాత్రి తెల్లారేసరికి పన్నెండు సెంటీమీటర్లు! టేపు తప్పు పట్టానేమోనని మా ఆయన్ని పిలిచి మళ్లీ కొలిపించాను. మిగతా పిందెలన్నీ ఎప్పటికప్పుడు తుంచేయాలి, తీగ బలమంతా ఈ ఒక్కదానికే పోవాలి. తుంచిన లేత పిందెలతో అమ్మ పాలు పోసి కూర చేసేది. అది వేరే ఆనందం.

అసలు గొడవ అమ్మతోనే. కాయ మూరెడు దాటగానే "కొయ్యవే, రేపటికి ముదిరిపోతుంది" అంది. బారెడయ్యాక కూడా అదే మాట. సొరకాయ కనబడితే గోరు గుచ్చి లేతో ముదరో చూడటం మనందరికీ చేతికి పట్టిన అలవాటు. బజార్లో అయితే అమ్మేవాడు తిడతాడు, ఇక్కడ నేను అరిచాను. తొక్క మీద గాటు పడితే అక్కడి నుంచి కుళ్లు మొదలవుతుంది, కుళ్లిన కాయను పోటీకి తీసుకోరు. మొదటిసారి అరిచినప్పుడు అమ్మ చిన్నబుచ్చుకుని ఆ రోజు తోటకు రాలేదు. మర్నాడు వచ్చి తొడిమ దగ్గర నల్లదారం కట్టింది. "గోరు గుచ్చను, సరేనా? దిష్టి మాత్రం తగలనివ్వను" అంది. దారం ఆఖరిదాకా అలాగే ఉంది.

ఆగస్టు రెండో వారంలో కాయ కొస నేలకు జానెడు దూరంలోకొచ్చింది. ఇది ముందు ఊహించనిది. పెద్దాయన చూసి, గొయ్యి తవ్వమన్నారు. పోటీలకు సొరకాయలు పెంచేవాళ్లు అలాగే చేస్తారట. కాయ కింద మోకాలి లోతు గొయ్యి తవ్వి, లోపల పొడి గడ్డి వేశాం. కాయ గోతిలోకి దిగి పెరుగుతూ పోయింది. ఆగస్టు 17, 18 తేదీల దగ్గర పెరుగుదల ఆగింది. మా టేపు మీద 208 సెంటీమీటర్లు. నాకంటే రెండు జానలు పొడుగు. ఇక షో దాకా, అంటే ఐదు వారాలకు పైగా, అది కుళ్లకుండా, తెగి పడకుండా చూసుకోవడమే. పెరిగేటప్పుడు సంతోషంగా ఉండేది. ఈ ఐదు వారాలు మాత్రం పూర్తిగా టెన్షన్. గాలి వీచిన ప్రతి రాత్రీ మెలకువే. పాత నైలాన్ వలతో కాయకు కింది నుంచి ఆసరా కట్టాం, బరువంతా తొడిమ మీద పడకుండా.

ఈ మధ్యలో మా అలాట్‌మెంట్ వాళ్ల చిన్న షో, ఆగస్టు 25 బ్యాంక్ హాలిడే రోజున. పెద్ద షోకి ముందు ఒక చిన్నది చూస్తే మంచిదని పెద్దాయన బలవంతం చేస్తే టమాటాల క్లాసులో, అంటే విభాగంలో, పేరిచ్చాను. ఇక్కడ సైజు పోటీ కాదు. ఒక పళ్లెంలో ఐదు టమాటాలు, ఐదూ ఒకే సైజు, ఒకే రంగు, ఒకేలా పండి, తొడిమలు పచ్చగా. మంచి టమాటాలు ఐదు ఏరడం తేలిక, ఒకేలాంటివి ఐదు ఏరాలంటే మొక్కలన్నీ గాలించాలి. ఒక్కో కూరగాయకూ ఇన్ని మార్కులని ముందే ఉంటుంది: ఉల్లిపాయకు 20, టమాటాకు 18. కష్టమైన పంటకు ఎక్కువన్నమాట. జడ్జి చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, ఒక్కోదాన్ని మిగతావాటితో పోల్చి పెడతాడు. రుచి చూడడు! ఇది విని అమ్మ నోరు వెళ్లబెట్టింది.

నా పళ్లెం పక్కనే ఇంకొకావిడ పళ్లెం. నావాటి కంటే ఎంతో బాగున్నాయి. కానీ ఆవిడ ఆరు పెట్టింది. పళ్లెం దగ్గర కార్డు మీద ఎన్.ఏ.ఎస్. అని మూడక్షరాలు రాసి వెళ్లిపోయారు, షెడ్యూల్ (పోటీ నిబంధనల పత్రం) ప్రకారం లేదని. ఒక్క టమాటా ఎక్కువైనందుకు మొత్తం పోయింది. నాకు రెండో బహుమతి, రెండు పౌండ్లు. ఆవిడ మొహం చూస్తే ఆ రెండు పౌండ్లు తీసుకోబుద్ధి కాలేదు. తీసుకున్నాననుకోండి.

ఆ రాత్రే మాల్వర్న్ షెడ్యూల్ ప్రింటు తీసి గీతలు కొట్టుకుంటూ చదివాను. ఏ క్లాసు, ఎన్ని కాయలు, ఎప్పటిలోగా ఫారం పంపాలి, ఏ రోజు ఏ గేటు నుంచి సరుకు దించాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఎంట్రీ ఫీజు స్వల్పమే. ఫారం పంపిన వారానికి ఎగ్జిబిటర్ పాసు వచ్చింది. ఒక్కరికే. మిగతావాళ్లు టికెట్ కొనుక్కోవాలి.

అసలు పరీక్ష మాత్రం కారు. రెండు మీటర్ల ఎనిమిది సెంటీమీటర్ల కాయ, వంగదు, ఒత్తిడి పడితే మెడ దగ్గర విరుగుతుంది. మాది మామూలు హ్యాచ్‌బ్యాక్. ముందు ప్యాసింజర్ సీటు పూర్తిగా వెనక్కి వాల్చి, వెనక సీటు ఒక పక్క మడిచి, డ్యాష్‌బోర్డు నుంచి డిక్కీ తలుపు దాకా కొలిస్తే నాలుగు వేళ్ల సందు మిగిలింది. కాయ కొయ్యకముందే ఆ కొలతకు చెక్కపలక కోయించి, దాని మీద ఈత కొలనులో పిల్లలు పట్టుకునే ఫోమ్ గొట్టాలు రెండు వరసలుగా అంటించాం.

సెప్టెంబర్ 24 బుధవారం సాయంత్రం కోశాం. ముగ్గురం కావాల్సి వచ్చింది: ఒకరు పైన తీగ కోయడానికి, ఇద్దరు కాయ పట్టుకోవడానికి. గోతిలోంచి పైకి తీసేటప్పుడు మా ఆయన చేతులు వణకడం చూశాను. అమ్మ తన పాత నేత చీర తడిపి పిండి, కాయకు చుట్టింది. పసిబిడ్డను పొత్తిళ్లలో పెట్టినట్టే పెట్టి, పలక మీద పడుకోబెట్టి, మెత్తటి పట్టీలతో కట్టాం.

గురువారం తెల్లవారుజామున బయల్దేరాం. ఆక్స్‌ఫర్డ్ మీదుగా ఏ44 రోడ్డు పట్టుకుని ఈవ్‌షమ్, పెర్షోర్ దాటి మాల్వర్న్. మామూలుగా రెండు గంటల పైచిలుకు. మాకు మూడు దాటింది. ఈ దేశంలో ఇన్ని రౌండబౌట్లు ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. ప్రతి మలుపులోనూ డ్రైవింగ్ సీటు వెనక కూర్చున్న అమ్మ రెండు చేతులతో కాయను ఆపుతూ "మెల్లిగా బాబూ, మెల్లిగా" అంటూనే ఉంది. మా వెనక కార్లవాళ్లు కొట్టిన హారన్లకు లెక్క లేదు.

షో జరిగేది మాల్వర్న్ కొండల కింద త్రీ కౌంటీస్ మైదానంలో. సరుకు దించే గేటు దగ్గర వరస. మా ముందు ఒక ట్రెయిలర్ మీద గుమ్మడికాయ, వెనక ఒక వ్యాను నిండా పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాలు. గొట్టాల్లో క్యారెట్లు! పొడవు పోటీకి క్యారెట్లను అలా ఏటవాలుగా కట్టిన పొడుగు గొట్టాల్లో పెంచుతారు. జో ఆథర్టన్ అనే ఆయన 2016లో ఇక్కడే 6.245 మీటర్ల క్యారెట్ పెట్టారని పెద్దాయన ముందే చెప్పి ఉన్నారు. అంత పొడుగు క్యారెట్ అంటే నేను వేరేలా ఊహించుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే ఈ రకం క్యారెట్లు పైన గుప్పెడంత క్యారెట్, కింద మిగతాదంతా దారం లాంటి వేరు. తెగకుండా కడిగి, తడి గుడ్డ మీద పరిచి తెస్తారు. ఆ వ్యాను ఆయన గొట్టం విప్పుతుంటే చుట్టూ ఉన్నవాళ్లంతా మాటలు ఆపేశారు.

కొలిచే చోట ఇద్దరు స్టీవార్డులు. పొడుగాటి బల్ల, ఒక కొసన అడ్డచెక్క. చీర విప్పాక ఒకాయన కాయంతా చేత్తో తడిమి, మెత్తబడిన చోటేమైనా ఉందేమో చూశారు. నల్లదారం ఏమిటని అడిగారు. అమ్మ నావైపు చూసింది. "అదృష్టం కోసం" అని చెప్పాను, దిష్టి గురించి వివరించే ఓపిక అప్పుడు లేదు. ఆయన నవ్వి, దారం తీయకుండానే కొలిచారు. తొడిమ లెక్కలోకి రాదు. 205.5. మా టేపుకు, వాళ్ల బల్లకు రెండున్నర సెంటీమీటర్ల తేడా. నడుమ దగ్గర కాయకున్న చిన్న వంపు ఆ మేరకు తినేసింది. ఆ రెండున్నర ఉన్నా మూడో స్థానం వచ్చేది కాదు, పైవాళ్లు చాలా ముందున్నారు. మొదటి బహుమతి కాయ పక్కన మాది తమ్ముడిలా కనిపించింది. ఏడుపు రాలేదు గానీ, కాసేపు మా ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఫొటోలు తీయడంలో ఉన్నాడు.

ముందే తెలిస్తే బాగుండేది అనిపించిన సంగతి: కాయ అక్కడ పెట్టాక ఆదివారం షో ముగిసేదాకా తీయకూడదు. అంటే మూడు రోజులు అక్కడే హోటల్లో ఉండాలి, లేదా రెండుసార్లు తిరగాలి. మేం గురువారమే వెనక్కొచ్చి, ఆదివారం, 28న, మళ్లీ వెళ్లాం. పెట్రోలు రెండు ఖర్చులు.

ఆదివారం మాత్రం నాకు చాలా నచ్చింది. పోటీ టెన్షన్ లేదు, తీరిగ్గా తిరిగాం. మనిషి రెండు చేతులూ చాచినా అందని క్యాబేజీలు, పసిపిల్లంత లీక్‌లు (ఉల్లికాడల్లాంటి కూర), మనిషి తల కంటే పెద్ద బీట్‌రూట్లు. నిజం చెప్పాలంటే చాలావరకు అందంగా ఉండవు. మెలికలు తిరిగి, పగిలి, మట్టి రంగులో ఉంటాయి. అందం చూడాలంటే పక్క వరసలోని మామూలు సైజు పోటీ బల్లలకు వెళ్లాలి: ఒకేలా నిలబెట్టిన ఉల్లిపాయలు, వాటి మెడలకు దారం చుట్టి కట్టిన తీరు, నల్లగుడ్డ మీద తెల్లటి బంగాళాదుంపలు. అమ్మ పెద్దవాటి దగ్గర నవ్వింది, వీటి దగ్గర మాత్రం నిలబడిపోయింది.

మా కాయ దగ్గర కాసేపు దూరంగా నిలబడి జనం మాటలు విన్నాను. పాములా ఉందన్నారు కొందరు. దీన్ని తింటారా అని ఒక పిల్లాడు వాళ్ల నాన్నను అడిగితే, ఆయన లేదని ధీమాగా చెప్పాడు. అమ్మకు ఇంగ్లిష్ రాకపోయినా ఆ తల ఊపడం అర్థమైంది. ఇంతలో వెనక నుంచి "అరే, ఆనపకాయ! ఇంత పొడుగా!" అని వినిపించింది. బర్మింగ్‌హమ్‌లో ఉండే కరీంనగర్ వాళ్లు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఎవరో ఇంగ్లిష్‌వాళ్లు పెంచారనుకున్నారట. అమ్మ వెంటనే ముందుకెళ్లి "మాదేనమ్మా" అంది. అన్నాళ్లూ కొయ్యమని పోరిన మనిషి, పాదు పెట్టిన దగ్గర్నుంచి గొయ్యి తవ్విందాకా తనే చేసినట్టు చెప్పింది. నేను అడ్డు పడలేదు. నెంబర్లు తీసుకున్నాం, వాళ్లకు విత్తనాలు పంపిస్తానని మాటిచ్చాం.

అమ్మ తిరుగు ప్రయాణం అక్టోబర్ 6న. దానికి రెండు రోజుల ముందు, శనివారం, మా ఇంటికి దగ్గర్లోనే వార్‌గ్రేవ్ నర్సరీలో గుమ్మడికాయలు తూచే రోజు. పెద్దాయన రమ్మంటే ఊరికే చూసొద్దామని వెళ్లాం. లిమింగ్టన్ అనే ఊరికి చెందిన కవల సోదరులు ఇయాన్, స్టూవర్ట్ పేటన్‌ల గుమ్మడికాయను యంత్రంతో ఎత్తి కాటా మీద పెట్టారు. 1,278.8 కిలోలు. 2023లో అమెరికాలో ట్రావిస్ గింగర్ నెలకొల్పిన 1,246.9 కిలోల ప్రపంచ రికార్డు పోయింది. ఆ అన్నదమ్ములు దీనికోసం దాదాపు యాభై ఏళ్లుగా పెంచుతున్నారట. చుట్టూ అరుపులు, కౌగిలింతలు. లోపలి గుల్ల దాకా ఒక్క పగులున్నా లెక్కలోకి తీసుకోరని, అందుకే తూచేదాకా ఎవరూ ఊపిరి తీసుకోరని పెద్దాయన చెప్పారు. అమ్మ కాసేపు దాన్ని అలాగే చూసి, నా చెవి దగ్గరికొచ్చి "అందరికీ గుమ్మడికాయతో దిష్టి తీస్తాం. మరి దీనికి తియ్యాలంటే దేంతో తీస్తారే?" అంది. అమ్మ ఏమందని పెద్దాయన అడిగితే ఆ ప్రశ్నను ఇంగ్లిష్‌లోకి మార్చడం నా వల్ల కాలేదు.

ఇక లెక్కలు. విత్తన ట్రే, పాలీటనెల్, పందిరి సామాను, ఎరువు, గడ్డి, ఫోమ్ గొట్టాలు, పలక, పెట్రోలు, టికెట్లు అన్నీ కలిపి 390 పౌండ్లు దాటింది. అందులో పాలీటనెల్ ఇంకా కొన్నేళ్లు వస్తుంది. అమ్మ దాన్ని రూపాయల్లోకి మార్చి, నలభై వేలు దాటిందని తేలాక, నాన్నకు మాత్రం చెప్పొద్దంది.

కాయను నవంబర్ దాకా గ్యారేజీలో ఎండబెట్టి విత్తనాలు తీస్తాం. పెద్దాయనకు, కరీంనగర్ వాళ్లకు, ఇంగ్లండ్‌లో ఉండి అడిగినవాళ్లకు తలా మూడు. వచ్చే ఏడాది పెట్టాలనుకునేవాళ్లు ముందు మీ కారు కొలుచుకోండి. మాదైతే ఇంకో పది సెంటీమీటర్లు పెరిగినా పట్టదు. వ్యాను అద్దె ఎంతో కనుక్కున్నాం, గురువారం ఒక్క రోజుకే 70 పౌండ్ల పైమాట. ఆదివారం తిరిగి తేవడానికి ఇంకోసారి. కరీంనగర్ వాళ్లది ఏడు సీట్ల పెద్ద కారు. బర్మింగ్‌హమ్ నుంచి మాల్వర్న్ గంట దూరమే కాబట్టి, ఈసారి పాదు వాళ్ల పెరట్లోనే పెడదామా అని మా ఆయన ఫోన్‌లో బేరాలు మొదలుపెట్టాడు.